బడి బోరులో లేచిన మంట

"పెద్ద గొప్పేం కాదు గానీ, ఈ నేలలో గ్యాసుందని మొట్టమొదట కనిపెట్టింది మాత్రం నేనే," అన్నాడు బోరింగు బాబాయి, టీ గ్లాసు బల్లమీద పెడుతూ.

ఆ మాట వినగానే టీకొట్టు ముందు బెంచీమీదున్నవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. బాబాయి "పెద్ద గొప్పేం కాదు" అని మొదలుపెట్టాడంటే తక్కువలో తక్కువ రెండు టీలు పట్టే కథ అన్నమాట.

బాబాయి నలభై ఏళ్ళు లారీకి యంత్రం కట్టుకుని ఊరూరా నీళ్ళ బోర్లు వేసినవాడు. ఆయన పక్కన కూర్చున్న మెకానిక్ ఆ లారీమీదే ముప్పై ఏళ్ళు తిరిగాడు. రాడ్లు బిగించాడు, కంప్రెసర్ మొరాయిస్తే విప్పి బాగుచేశాడు, వాన పడితే లారీ కింద, తను అన్నా అని పిలిచే బాబాయితోపాటు ముడుచుకు పడుకున్నాడు. ఈ కథ ఎన్నిసార్లు విన్నాడో చెప్పలేడు. అయినా విసుగురాదు. అందులో ఎన్ని కోతలున్నా, మధ్యమధ్యలో ఆ రోజులు చేతికి తగులుతాయి. గ్రీజు వాసన, రాడ్డు దిగుతుంటే అరికాళ్ళకింద నేల వణకడం, మొదటి నీళ్ళు పైకి చిమ్మినప్పుడు ఇంటివాళ్ళందరూ వీధిలోకొచ్చి తడుస్తూ కేకలు పెట్టడం. లారీ తుక్కు కింద పోయి పదేళ్ళయింది. ఇప్పుడది బాబాయి నోట్లోనే నడుస్తోంది.

ఇవాళ మాత్రం మెకానిక్ మనసు కథ మీద లేదు. ఊరి చివర గ్యాస్ కంపెనీ తవ్విన బావి ఫలితం పదకొండు గంటలకి చెప్తామన్నారు. ఎక్కడో మైలు లోతున నల్లటి పలకరాయి పొరలున్నాయట, ఆ రాతి సందుల్లో గ్యాస్ ఇరుక్కుని ఉందట, రాతిని పగలగొడితే బయటికొస్తుందట. షేల్ గ్యాస్ అంటారు దాన్ని. ఆ కంపెనీ షేర్లు ఈ బెంచీమీద అందరి దగ్గరా ఉన్నాయి. దర్జీ మోటారు మిషన్ కోసం దాచుకున్నది అందులో పెట్టాడు. పోస్ట్‌మాన్ రిటైరైనప్పుడు వచ్చినదాంట్లోంచి కొంత మనవరాలి చదువుకని పెట్టాడు. టీచరమ్మ ఇంటికి కప్పు మార్పిద్దామని పెట్టింది.

అందరూ కొన్నది బాబాయి మాట మీదే. "ఈ నేలలో గ్యాసుంది, నా కళ్ళతో చూశా," అని ఎనిమిది నెలల కిందట ఇదే బెంచీమీద చెప్పాడు ఆయన.

టీచరమ్మకి మాత్రం ఆ చూడటం వెనకున్న కథ తెలీదు. ఈ వేళకి ఆవిడ ఎప్పుడూ బళ్ళో ఉంటుంది. ఇవాళ ఫలితం కోసమని సెలవు పెట్టి వచ్చింది.

"కనిపెట్టడమంటే ఎలాగండీ?" అని అడిగింది పాపం.

"అలా అడుగమ్మా!" బాబాయి ఆవిడవైపు పూర్తిగా తిరిగాడు. "ముప్పై ఒక్కేళ్ళ కిందటి మాట. ఈ చుట్టుపక్కలే ఒక బడివాళ్ళు కబురు పెట్టారు, పిల్లలకి తాగునీళ్ళు లేవయ్యా, నువ్వు రాకపోతే బడి మూసుకోవాలి అని. సరేనని లారీ పెట్టాం. వందడుగులు దిగాం, దుమ్ము. రెండొందలు దిగాం, దుమ్ము. ఇంకోడైతే రాడ్లు పీక్కుని పోయేవాడు. నేనేం చేశానో తెలుసా? యంత్రం ఆపించి చెవి నేలకి ఆనించా. లోపల ఎవరో గురక పెడుతున్నారు!"

"ఎవరు బాబాయ్?" అన్నాడు దర్జీ, తెలిసీ.

"ఎవరేమిట్రా, భూమి! గురకపెట్టేది గ్యాసున్న భూమే. నీళ్ళున్న భూమైతే గుటకలేస్తుంది. ఆ తేడా తెలియాలంటే చెవి ఉండాలి, ఏదో ఒక చెవి కాదు, నాలాంటి చెవి. సరే, దించరా తమ్ముడూ ఇంకో రెండు రాడ్లు అన్నా. దించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళు తన్నుకొచ్చాయి. నీళ్ళతోపాటు బుడగలు! గోలీసోడా కొట్టినట్టు బుసబుసా బుసబుసా, ఒక్కో బుడగ ఇంత!" అని రెండు చేతులూ కలిపి గుమ్మడికాయంత చూపించాడు.

బుడగలు నిజమే, అనుకున్నాడు మెకానిక్. కాకపోతే బఠాణీలంత.

"అప్పుడు వీడు," అని బాబాయి మెకానిక్ వీపుమీద చరిచాడు, "నీళ్ళు పడ్డాయన్న సంతోషంలో బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడమ్మా. భగ్గుమంది! మనిషెత్తు మంట!"

ఇదీ నిజమే. మెకానిక్ చెయ్యి దానంతటదే కనుబొమల మీదికి పోయింది. అప్పుడు కాలిపోయినవి మళ్ళీ మొలిచాయిగానీ, ఎడమది కొంచెం వంకరగా మొలిచింది.

"మనిషెత్తేనా? పోయినసారి తాడిచెట్టెత్తు అన్నావు," అన్నాడు పోస్ట్‌మాన్.

"తొందరపడకవయ్యా, ఎదగనియ్యి దాన్ని! ఇప్పుడే కదా పుట్టింది!" అని కసిరాడు బాబాయి. "మనిషెత్తు మంట చూస్తుండగానే మేడెత్తయింది. మేడెత్తుది తాడిచెట్టెత్తయింది. పగలు నిద్రపోవాల్సిన గబ్బిలాలు కూడా లేచొచ్చి ఏమిటీ వెలుగని చూశాయి. ఊరు ఊరంతా పొయ్యిలు ఆర్పేశారు. ఇక పొయ్యిలెందుకు? మేడలెక్కి గిన్నెలు ఇలా చాపి పట్టుకుంటే చాలు, అన్నం ఉడికిపోయేది. పక్క ఊళ్ళో దర్జీలు బొగ్గుల్లేకుండా ఇస్త్రీలు చేసుకున్నారు, కావాలంటే మీవాళ్ళనడుగు!"

"మా నాన్న చెప్పాడు బాబాయ్. ఆ వేడికి ఆయన కుట్టిన లాగులన్నీ పొట్టివైపోయాయట," అన్నాడు దర్జీ.

అందరూ నవ్వారు. టీకొట్టావిడ కూడా, పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా నవ్వింది.

"నవ్వండి! మరి ఆ మంట ఆర్పిందెవరు? ఫైరింజన్లు పదొచ్చాయి, చూసి వెనక్కి పోయాయి. నేను చొక్కా చేతులు మడిచా, తిన్నగా లోపలికి నడిచా, పైపు నోటిమీద బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు..."

పోస్ట్‌మాన్ జేబులో ఫోను మోగింది.

బాబాయి బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది. పోస్ట్‌మాన్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎంతమంది గుమ్మాల్లో నిలబడి ఎన్ని మంచివార్తలు, ఎన్ని చెడ్డవార్తలు చదివి వినిపించాడో, అదే గొంతుతో, కంపెనీ పంపిన మెసేజీ ఎక్కడా ఆగకుండా చదివాడు.

"పరీక్షించిన బావిలో గ్యాస్ ఆనవాళ్ళు కనిపించినవి. అయితే వాణిజ్యపరమైన ఉత్పత్తికి సరిపడు పరిమాణములో లేదని తేలినది. బావిని మూసివేసి ఈ ప్రాంతమునందు పనులు నిలిపివేయుచున్నాము."

"అంటే?" అన్నాడు దర్జీ.

"ఉంది. అమ్ముకునేంత లేదు. వెళ్ళిపోతున్నారు."

దర్జీ మెళ్ళో వేలాడుతున్న టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. టీచరమ్మ ఎదురుగా రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. మెకానిక్‌కి తన పది షేర్ల కంటే ఈ బెంచీయే గుర్తొచ్చింది. ఎనిమిది నెలలుగా పొద్దున్న కాస్త, సాయంత్రం కాస్త ఇక్కడ చేరి, ఆ మోటారు మిషన్‌కి ఏ రంగు బాగుంటుందో, టీచరమ్మ ఇంటికి రేకులా స్లాబా అని ఎంత పోట్లాడుకున్నారో! రేపు దేని గురించి మాట్లాడుకుంటారు?

అప్పుడు బాబాయి గొంతు లేచింది. ఎప్పటికన్నా పైకి లేచింది.

"కంపెనీవాళ్ళకి చేతకాలేదంతే! నేను బొటనవేలు పెట్టి నొక్కానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలి గ్యాస్ ఊరుకుంటుందా? నన్ను ఎత్తింది. బొటనవేలితో సహా ఎత్తింది! మేడలు దాటా, మబ్బులు దాటా. పక్కనే విమానం పోతోంది. పైలట్ కిటికీ తీసి, 'ఏమండీ, ఎక్కడిదాకా?' అన్నాడు. ఇక్కడిదాకానే బాబూ, నువ్వు పద అన్నా. అక్కణ్ణుంచి కిందికి చూస్తే, భూమి అద్దంలా ఉంది! లోపలున్నదంతా కనబడుతోంది. గ్యాస్! సముద్రమంత గ్యాస్! ఇదిగో ఇక్కడే, మన కాళ్ళకిందే! నేను చూశా. నా కళ్ళతో చూశాన్రా! లేదంటారేమిటి వాళ్ళు?"

ఎవరూ నవ్వలేదు. బాబాయి ఖాళీ గ్లాసు ఎత్తి గుటకేశాడు. అది మెకానిక్ ఒక్కడే గమనించాడు.

"బాబాయిగారూ," అంది టీచరమ్మ మెల్లగా. "ఆ బడికి పచ్చరంగు గేటుండేదా? వెనకాల రేకుల షెడ్డూ, ముందు పొడుగాటి వరండా?"

"ఉండేదమ్మా. నీకెలా తెలుసు?"

"అప్పుడు నేనక్కడ ఆరో తరగతి. కిటికీ పక్క బల్ల నాది. మొత్తం చూశాను. మీరు బొటనవేలు పెట్టలేదండీ. పైకీ ఎగరలేదు. పరిగెత్తారు."

మెకానిక్ తలొంచుకున్నాడు. ఆ మాట ఇన్నేళ్ళలో అతను ఎవరికీ చెప్పలేదు. మొహం కాలి వెల్లకిలా పడిపోయినప్పుడు, చిమ్ముతున్న నీళ్ళ మధ్యనుంచి అతనికి ఆఖరున కనిపించింది పారిపోతున్న అన్న వీపే. కాసేపటికి తిరిగొచ్చి లేవదీస్తూ, "నీళ్ళు తెద్దామని వెళ్ళాన్రా," అన్నాడు బాబాయి. చేతిలో బకెట్ లేదు. చుట్టూ నీళ్ళే. మెకానిక్ ఇంకేం అడగలేదు. ముప్పై ఒక్కేళ్ళు అడగలేదు.

"ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు," అంటోంది టీచరమ్మ. "మేం కిటికీలోంచి చూసి నవ్వాం కూడా. మీరు తిన్నగా వరండాలోకొచ్చి బడిగంట పట్టుకున్నారు. ఎలా కొట్టారండీ బాబూ! ఆపకుండా కొట్టారు. ఇంటికి పొమ్మంటున్నారనుకుని సంచులు తగిలించుకుని అందరం గేటు బయటికి పరుగు. హెడ్‌మాస్టరుగారు ఏమిటయ్యా ఈ గోల అని మీ చొక్కా పట్టుకు లాగితే, చొక్కా చిరిగిందిగానీ మీరు మాత్రం గంట వదల్లేదు. చిట్టచివరి పిల్ల బయటికొచ్చాకే వదిలారు. వదిలి, వచ్చినంత జోరుగా మళ్ళీ ఆ మంటవైపే పరిగెత్తారు. 'మా తమ్ముడున్నాడక్కడ, మా తమ్ముడున్నాడు' అని ఏడుస్తూ."

మెకానిక్ చప్పున తలెత్తాడు. కంప్రెసర్ హోరు. ఆ హోరులో పక్కవాడి కేకే వినబడదు, ఇక బడిగంటేం వినబడుతుంది? తను లేచేసరికి పిల్లలు దూరంగా రోడ్డుమీద గుంపుగా నిలబడి ఉండటం గుర్తుంది. టీచర్లు తీసుకెళ్ళి ఉంటారనుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాడు.

"చెప్పడానికేముందిరా అందులో? ఇంత కథ చెప్పి, చివరికి పరిగెత్తానని చెప్పనా?" బాబాయి నేలవైపు చూశాడు. "భయమేసింది."

బాబాయి నోటివెంట అంత పొట్టిమాట రావడం మెకానిక్ ఎన్నడూ వినలేదు.

"ఇప్పుడూ భయంగానే ఉంది," అన్నాడు బాబాయి మళ్ళీ. "ఆ మంట ఒక్క గంటసేపు వెలిగి ఆరిపోయిందమ్మా. అంతే ఉంది అందులో. అది నాకు తెలుసు. తెలిసీ నోరు ఊరుకోలేదు. నా మాట నమ్మి మీరందరూ..."

"ఎవరూ?" అన్నాడు దర్జీ. వేలికి చుట్టిన టేపు విప్పి మళ్ళీ మెళ్ళో వేసుకున్నాడు. "నీ మాట నమ్మా? భలేవాడివే! వానొస్తుందని నువ్వు చెప్తే ఆరేసిన బట్టలైనా తియ్యను నేను. పేపర్లో చదివి కొన్నా."

దర్జీ పేపరు మీద బట్ట కొలతలు గీసుకోవడమే తప్ప చదవగా మెకానిక్ చూడలేదు.

"మా అల్లుడు చెప్పాడు నాకు," అన్నాడు పోస్ట్‌మాన్, నాలుగేళ్ళుగా మాటల్లేని అల్లుణ్ణి తలుచుకుని.

టీచరమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. కంపెనీ లెక్కలన్నీ తెప్పించుకుని, రెండు రాత్రులు కూర్చుని చూసుకుని మరీ కొన్నానంది. ఆవిడ బళ్ళో చెప్పేది డ్రాయింగు.

బాబాయి ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చాడు. ముందు గుండెలమీంచి బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ వెంటనే ఆయన మొహంలో ఇంకోటేదో కదిలింది.

"అంటే," అన్నాడు, బాగా నొచ్చుకుని, "నా మాట ఒక్కరు కూడా నమ్మలేదా?"

"నేను నమ్మానన్నా," అన్నాడు మెకానిక్.

బాబాయి మొహం వెలిగిపోయింది.

"పదోవంతు," అన్నాడు మెకానిక్. "నువ్వు వందంటే పదుంటుందని ముప్పై ఏళ్ళ అనుభవం. అందుకే వంద కొనమన్నావు, పదే కొన్నా."

ముందు టీకొట్టావిడ నవ్వింది. తర్వాత దర్జీ. పోస్ట్‌మాన్ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అవి ఏ కన్నీళ్ళో ఎవరూ అడగలేదు.

బాబాయి నవ్వలేదు. కాసేపు వేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"పదోవంతంటే తక్కువేం కాదురా," అన్నాడు చివరికి, మీసం సవరించుకుంటూ. "నేను చెప్పేవాటిలో పదోవంతంటే, ఇంకొకడికది జీవితకాలానికి సరిపడా!"

అని, అందరికీ ఇంకో టీ చెప్పాడు.