ముదిరిన చిట్టెం

ఇలా దగ్గరికి రండర్రా, ఆ కుర్చీలొదిలి కార్పెట్ మీద కూర్చోండి. లూసీ, హీటర్‌కి అడ్డు లేమ్మా, ముసలాణ్ణి. పిట్స్‌బర్గ్ దైవాశీర్వాదం గురించి కదూ అడిగారు? తెనాలి పక్క మా బళ్ళో నా దగ్గరే చదివాడు. ఎనభై ఒకటిలో ఇక్కడ ఫర్నేస్ ఇంజనీరు, ఫ్యాక్టరీలో అందరికీ డేవ్. అప్పటికి నేనూ ఈ దేశం వచ్చేశాను. ఒకరకం ఇనుపరాయి ఉంటుంది, అందులో ఇనుము, వెనేడియం, టైటానియం చిక్కుపడి ఉంటాయి. కోక్ వేసి, అంటే మీరు తాగేది కాదు, ఒకరకం బొగ్గు, అది వేసి కరిగిస్తే ఇనుము వెనేడియాన్ని వెంటబెట్టుకుని అడుక్కి దిగుతుంది. టైటానియం చిట్టెంలో, అంటే ఇనుము పోగా మిగిలే కరిగిన మడ్డిలో, కలిసి పైకి తేలుతుంది. కోక్ మోతాదు మించిందా, ఆ చిట్టెం ముదిరి ఫర్నేస్‌లోనే బిగుసుకుంటుంది. మనవాడు కడ్డీ ముంచి తీసి, చిట్టెం జారే తీరు చూసి ముదిరిందో లేదో చెప్పేవాడు. క్రిస్మస్‌కి వాళ్ళమ్మ అరిసెల పాకం చూసినట్టు! "డేవ్ క్యాండీ వండుతున్నాడు" అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళట. నవ్వితే నవ్వారు, వాడి చూపు ఒక్కసారీ తప్పలేదు.

ఎక్కడున్నాను? ఆఁ, ఆ రోజు. పై ఆఫీసరు కార్ల్ వచ్చి, "ఇంకా కోక్ వెయ్యి డేవ్, వెనేడియం ఇంకా దిగాలి. ఇదిగో, కోక్ లెక్క షీటు మీద సంతకం పెట్టు" అన్నాడు. వీడు గేటు దగ్గర్నుంచి నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, పాకం ముదిరిపోయింది. ఇంకా వేస్తే గడ్డే. వద్దని చెప్పెయ్యనా?" నేనేమన్నాను? బళ్ళో ఏళ్ళతరబడి చెప్పిందే. "పెద్దాయన ముందు నోరెత్తకు నాయనా. నీ గ్రీన్‌కార్డు ఆయన చేతిలో ఉంది. పెట్టెయ్." పెట్టేశాడు.

సాయంత్రానికి ఫర్నేస్ బిగిసింది. మూడు వారాలు డ్రిల్లులతో పగలగొట్టారు. మీటింగ్‌లో కార్ల్ ఆ షీటు పైకెత్తి, "నా ఇంజనీర్ని నమ్మాను" అన్నాడు. నమ్మాడట! వీడి ఉద్యోగం పోయింది, గ్రీన్‌కార్డూ ఆగిపోయింది. ఇండియా వెళ్ళి నాలుగేళ్ళు కూడా బతకలేదు. ఆ కార్ల్ మాత్రం చిట్టెం ఎప్పుడు ముదురుతుందో కడ్డీ ఫొటోతో సహా పేపరు రాసుకున్నాడు. కాన్ఫరెన్సులో చదివితే చప్పట్లు కూడా కొట్టారు.

మారల్ ఏంటంటావా రేణూ? నా కథలకి చివర ఒకటి తగిలిస్తానని అలవాటు పడ్డావు. ఇండియా వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో వాడు నా చెయ్యి పట్టుకుని, "మీ మాట విన్నాను కదా మాస్టారూ" అన్నాడు. కోపంగా కాదమ్మా. బళ్ళో హోమ్‌వర్క్ చూపించినట్టే అన్నాడు. తిట్టినా బావుండేది...

లేవండి, లేవండి. కోట్లు వేసుకోండి. ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి, చల్లారిపోతాయి.