ఢిల్లేసుకి తొడిగిన వానకోటు

పడవెక్కి పోయినోడా, పగడాల తెడ్డోడా, పొద్దెక్కె పొద్దుగుంకె... ఆ తరవాత ఏదో ఉంది, అందట్లేదు. చిన్నప్పుడు వలలు అల్లుతూ పాడేవోళ్ళం.

ఫొటీని అని ఒక ముసలమ్మ, గ్రీకు దేశంలో ఒక దీవిలో ఉంటాది. ఊరంటే ఏటనుకున్నారు, సున్నమేసిన ఇళ్ళు పాతిక, మేకలు, ఒక గుడి, అంతే. ఏమైందంటే, మా కడగొట్టు తమ్ముడు ఢిల్లేసు ఓడపనికెళ్ళి ఆ దగ్గిర్లో జొరమొచ్చి చచ్చిపోయేడు. ఓడ ఆగదు కదా, శవాన్ని ఆ ఊళ్ళో దింపీసి ఎల్లిపోయింది. అక్కడ కాల్చరంట, పాతుతారంట. మూడేళ్ళు పోయేక తవ్వి, బొమికలు ద్రాక్షసారాతో కడిగి, పెట్టెలో పెట్టి గుడి పక్క గదిలో దాస్తారంట. అయినోళ్ళొస్తే ఇచ్చీస్తామని కబురొస్తే, ఓడోళ్ళ సంఘం నన్ను పంపింది. బొమికలకని పసుపు గుడ్డ, కొత్త డబ్బా పట్టుకెళ్ళేను. డబ్బా మీద వాడి పేరు నేనే రాసుకున్నాను. మన మొగలో, ఏరు సముద్రంలో కలిసే చోట కలిపితేనే గాని వాడికి దారి లేదనుకో. మాయమ్మ పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని అడిగింది అదొక్కటే.

మన పలాసవోడు జగన్నాయకులు అక్కడ హోటల్లో వంట చేస్తాడు. నా మాట ఫొటీనమ్మకీ, ఆవిడ మాట నాకూ వాడే చెప్పేడు. ఫొటీనమ్మ కొడుకు చేపలకెళ్ళి తిరిగి రాలేదంట, శవం కూడా దొరకలేదంట. అందుకని మావోడి గోరీకి మూడేళ్ళూ రోజూ సాయంత్రం దీపం పెట్టిందంట. గోధుమలు ఉడకబెట్టి పంచదార కలిపి నా చేతిలో పోసింది, పోయినోళ్ళ పేరున పంచుతారంట, మన గుగ్గిళ్ళే అనుకో. మీవోడు తాగేవోడా అనడిగింది. లేదమ్మా, వాసనకే కక్కేవోడు అన్నాను. "రేపు తలస్నానమే సారాతో, ఏం చేస్తాడు పాపం" అని నవ్వింది. నేనూ నవ్వేను.

పొద్దున్నే తవ్వేరు. మట్టి తీసేసరికి రబ్బరు వానకోటు కనబడింది, చేపలోళ్ళు తుఫానులో వేసుకునేది, నీటిచుక్క దూరదు దాంట్లోకి. గుడి అయ్యగారు కొంచెం తీసి చూసి వెంటనే మూసీసేడు. లోపల వాడు ఉన్నోడు ఉన్నట్టే ఉన్నాడు. మట్టి వాణ్ణి ముట్టుకోలేదు. ఎవరేసేరిది అని అయ్యగారే అడిగేడు. ఫొటీనమ్మ ముందుకొచ్చి, నేనే అందంట. వేడిదేశం మనిషి, చలికాలం ఒట్టి నేలలో ఎలా పడుకుంటాడని, పాతేటప్పుడు కొడుకు కోటు తొడిగిందంట. ఇంట్లో కొడుకుదని మిగిలింది అదొక్కటేనంట.

కోటు కోసి తీసీసి మళ్ళీ పూడ్చేరు. ఇంకో మూడేళ్ళు ఆగాలంట, వాళ్ళ కట్టుబాటు. పోనీ కాల్చుకుంటానంటే ఆ దీవిలో కాల్చే చోటే లేదు. నాకు డెబ్బై మూడు. ఇంకోసారి నన్నెవరు పంపుతారు, అప్పటికి నేనెక్కడుంటాను. పిడికెడు మట్టయినా తీసుకో పెద్దమ్మా అన్నాడు జగన్నాయకులు. వాణ్ణి ముట్టుకోని మట్టి నాకెందుకురా అన్నాను. మీరే చెప్పండర్రా, ఎవరిమీద పడి ఏడవాలి?

పడవ దగ్గిరికొచ్చింది ఫొటీనమ్మ, కోటు ముక్కలు మూట కట్టుకుని. నేను ఖాళీ డబ్బా చంకనెట్టుకుని పడవలో కాలెట్టబోయేను. ఆవిడ ఏదో అంటే జగన్నాయకులు నాకు చెప్పడానికి తటపటాయించేడు. చెప్పరా అంటే చెప్పేడు. "అలా ఊరికే ఎల్లిపోకమ్మా, ఒక్క తిట్టు తిట్టి పడవెక్కు" అందంట.