నల్ల బిరడా

ముందుగదిలో భోజనాల బల్ల మీద పళ్ళాలకు చోటు లేదు. పొట్ట విప్పిన పాత రికార్డింగు మిషను, దాని పక్కన కంప్యూటరు, రెంటికీ నడుమ చిక్కుపడ్డ వైర్లు. బల్లకు ఒక వైపు మరిది, రెండో వైపు వదిన. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది, ఆ ఇంటాయన పడుకుని ఉన్నాడు.

"మళ్ళీ వద్దందా?"

"వద్దంది వదినా."

"వద్దని ఎలా చెబుతుంది? దానికి నోరుందా?"

"తెర మీద ఎర్రగా ఒక్క ముక్క పడుతుంది. కుదరదు అని. ఎందుకు కుదరదో చెప్పదు. ఈ ఇంట్లో ఎవరూ ఏదీ విడమరిచి చెప్పరుగా, ఇదీ అలాగే తయారైంది."

"నన్నేనా?"

"ఈ మిషనులో ఉన్న డిస్కుని."

"నన్నే అన్నావ్. సర్లే, అను. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు నువ్వు, నిన్నేం అనను. పక్కింటావిడ అడిగింది, మీ మరిది డ్రైవర్ రాస్తున్నాడట, ఎవరికి రాస్తున్నాడు, మా కారు డ్రైవర్ సెలవని వెళ్ళి పత్తా లేడు, వాడికీ ఓ ముక్క రాయమను అని."

"నువ్వేమన్నావ్?"

"అది ఆ డ్రైవర్ కాదమ్మా, కంప్యూటర్లో ఉండేది అన్నాను. కంప్యూటర్లో కూర్చుని ఏం నడుపుతాడు అంది. నాకు తెలిస్తేగా చెప్పడానికి."

"మనం ఇల్లు మారినప్పుడు సామాన్ల బండి వచ్చింది చూడు."

"ఆ, నా అద్దం బీరువా పగలగొట్టారు."

"అదే బండి. మామూలుగా అయితే కంప్యూటరే డిస్కు దగ్గరికెళ్ళి ఒక్కో ముక్కా నెత్తిన పెట్టుకుని మోసుకొస్తుంది. మిషనులోంచి తీసి కంప్యూటరుకి తగిలించిన ఈ కార్డు దానికి ఒప్పుకోదు. మెమరీలో ఏ గదిలో దించాలో చిరునామా చెప్పి మనం పక్కకి తప్పుకోవాలి. కార్డే డిస్కులోంచి తెచ్చి నేరుగా అక్కడ దించేసి, అయిపోయాక బెల్లు కొడుతుంది. చిరునామా చెప్పడం, తప్పుకోవడం, బెల్లు కోసం చెవి పెట్టుకుని ఉండటం. అదే నేను రాసే డ్రైవర్."

"మరి బండి రావట్లేదా?"

"గేటు దగ్గరే ఆగిపోతోంది. ఏదో అడ్డుపడుతోంది వదినా. నా కోడు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశా. అడ్డు ఎక్కడుందో కనపడట్లేదు."

"కార్డు పాడైందేమో."

"కార్డు బానే ఉంది."

"పోనీ ఎవరికైనా చూపిస్తే?"

"ఎవరికి? ఈ మిషను చేసిన కంపెనీయే లేదు. దీని సొంత కంప్యూటరు కాలిపోయింది. మిగిలింది ఈ కార్డు, ఈ డిస్కు. ఈ రెంటితో మాట్లాడటం ఇప్పుడున్న ఏ కంప్యూటరుకీ రాదు. నేర్పేవాడు కూడా లేడు, నేను తప్ప."

"ముందు కాపీ తీసి పెట్టుకోవాల్సింది."

"కాపీ తీయాలన్నా చదవాలిగా వదినా. చదవాలంటే డ్రైవర్ కావాలి."

"కోప్పడకు."

"కోపం కాదు. ఆ కీచుమనే చప్పుడు వింటున్నావా?"

"నిన్నటికంటే పెరిగింది."

"లోపల అరిగిపోయింది. ఇవాళ తిరుగుతోంది. రేపు పొద్దున స్విచ్చి వేస్తే లేస్తుందని నేను మాటివ్వలేను."

"గొంతు మిషను వాళ్ళు ఫోన్ చేశారు."

"ఎప్పుడు?"

"నువ్వు జుట్టు పీక్కుంటున్నప్పుడు. మీ ఆయన గొంతు ఎంత ఉంటే అంత పంపండి, మా మిషను అచ్చం ఆయనలాగే మాట్లాడుతుంది అన్నారు. లేదంటే వాళ్ళ దగ్గరున్న గొంతుల్లో ఒకటి ఎంచుకోవాలట. ఒకటి వినిపించారు కూడా."

"ఎలా ఉంది?"

"బ్యాంకుకి ఫోన్ చేస్తే, దయచేసి లైన్లో వేచి ఉండండి అంటాడే, వాడే. ఇంక జీవితాంతం వాడు నన్ను కాఫీ అడగాలి."

"నవ్వించకు వదినా."

"నేను నవ్వట్లేదు. గొంతు తీసేసిన ఆపరేషన్‌కి ముందే నాలుగు మాటలు పట్టి ఉంచుకోవాల్సింది. ఆ బుద్ధి నాకు లేకపోయింది."

"అప్పటికి గొంతెక్కడుంది? గరగర తప్ప ఏం మిగల్లేదు. అన్నయ్య గొంతంటే పుస్తకం చదివే గొంతు. ఎన్ని పుస్తకాలు చదివాడు, చూపు లేనివాళ్ళు ఆ గొంతు కోసమే వినేవాళ్ళు. అదంతా ఇందులోనే ఉంది."

"ఆయన చదివిన స్టూడియో వాళ్ళు మూసేస్తూ అన్నీ చెత్తబండికి ఎత్తించేశారు. ఈ డబ్బా ఒక్కటీ మీ అన్నయ్య ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చారు. అప్పుడు నేను తిట్టాను, ఇంట్లో చోటు లేదని."

"వదినా, ఏడవకు. నువ్వు ఏడిస్తే నా చేతులు ఆడవు."

"ఏడవట్లేదు. ఇదేంటి, తెర నిండా ఇలా పడింది? అన్నయ్యా మాట్లాడు, అన్నయ్యా మాట్లాడు… డిస్కులోంచి వచ్చిందా?"

"చూడకు. అది నేను రాసిందే."

"ఎందుకు?"

"మెమరీలో సరుకు దించే చోట ముందే ఏదో ఒకటి నింపి పెట్టాలి. డిస్కులోది వచ్చి పడితే ఇది చెరిగిపోతుంది. చెరిగిందంటే వచ్చినట్టు. అంతే, పరీక్ష కోసం."

"పరీక్షకి ఈ మాటే దొరికిందా?"

"చేతికొచ్చింది రాశా."

"లేచి వెళ్ళి మొహం కడుక్కో. కళ్ళు చూడు, ఎలా అయ్యాయో."

"ఒక్కసారి చూసి…"

"లే అంటున్నానా. అదీ కాస్త చల్లారుతుంది, నువ్వూ చల్లారతావు."

"సరే, ఆపేసి వెళ్తున్నా. ముట్టుకోకు."

అతను వెళ్ళి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి వదిన బల్లకు అటువైపు కాదు, మిషను పక్కనే ఉంది.

"ముట్టుకోవద్దన్నానా?"

"ముట్టుకోలేదు. దుమ్ము తుడిచాను."

"తుడవడం ముట్టుకోవడం కాదా?"

"ఇంటి పని ఎలా చెయ్యాలో కూడా నువ్వే చెప్పు. స్విచ్చి వెయ్యి, మళ్ళీ ఓసారి చూడు."

"ఇప్పుడేం మారింది కనక?"

"చూడమంటున్నాగా. వదిన మాట వింటే నీ సొమ్మేం పోదు."

"ఇదిగో, చూడు. లేచింది. ఇప్పుడు వద్దంటుంది చూడు, ఎర్రగా… వదినా."

"ఏంటి?"

"ఎర్రది రాలేదు."

"అంటే?"

"బెల్లు కొట్టింది. వదినా, బెల్లు కొట్టింది. ఇన్నాళ్ళలో మొదటిసారి."

"చూశావా, నేను చెప్పలా? ఆయన్ని లేపనా?"

"ఉండు, లేపకు. ముందు మొత్తం లాగేస్తా. ముక్కముక్కా చూసుకుంటూ కూర్చుంటే ఈలోపల ఇది కాస్తా ఆగిపోతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో లాగి ఇటు దాచేసి, అప్పుడు విందాం. ఇదిగో, మొదలుపెట్టా."

"అన్నీ వస్తున్నాయా?"

"ఒక్కటి కూడా వద్దనట్లేదు. ఇంత బుద్ధిమంతురాలు ఇన్నాళ్ళూ నన్నెందుకు ఏడిపించిందో. నువ్వేం చేశావ్ వదినా?"

"నేనేం చేస్తాను? నువ్వు మొహం కడుక్కోవడం కలిసొచ్చింది."

"నువ్వు ఏదో దాస్తున్నావ్."

"తర్వాత చెప్తాలే. పని అవనీ. గొంతు వచ్చాక ఆయన మొదట ఏమంటారంటావ్?"

"నన్ను తిడతాడు. బల్లంతా పాడుచేశానని."

"తిట్టమను. నన్నూ తిట్టమను. నేను పక్కగదిలో ఉంటే మీ అన్నయ్య చప్పట్లు కొట్టి పిలుస్తున్నారు తెలుసా? ఏం కావాలో పలక మీద రాసి చూపిస్తారు గానీ, పేరు పెట్టి పిలవడానికి లేదు. చప్పట్లు వినపడగానే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు నాకు."

"పిలుస్తాడు. ఇంక కొంచెమే ఉంది."

"కీచుమంటోంది, జాగ్రత్త."

"తట్టుకో తల్లీ, తట్టుకో. ఇంక ఒక్క పిసరు… అయిపోయింది. వదినా, అయిపోయింది."

"వినిపించు."

"ముందు తలుపు చూడు, నిద్రలో ఉన్నాడా?"

"పడుకునే ఉన్నారు. వినిపించవయ్యా బాబూ."

"ఉండు. ఇదేంటి?"

"ఏంటి?"

"ఏం లేదు. ఉండు."

"ఏం లేదంటే ఏంటి? నీ మొహం అలా పెట్టావేం?"

"నేను రాసిందే ఉంది. అన్నయ్యా మాట్లాడు. చెరగలేదు."

"అంటే డిస్కులోది రాలేదా?"

"బెల్లు కొట్టింది కదా. ప్రతిసారీ కొట్టింది."

"చిరునామా తప్పు చెప్పావేమో. వేరే గదిలో దించి పోయారేమో."

"చిరునామా తప్పయితే ఈపాటికి కంప్యూటరే పడిపోవాలి. చిరునామా సరైందే. సరుకు ఎటు కదలాలనే దిక్కు కూడా సరిగ్గానే… ఇదిగో, ఈ కార్డు తాలూకు పుస్తకంలో ఉన్నదే పెట్టాను. ఈ ఒక్క గుర్తు ఒకటి అయితే చదవడం, సున్నా అయితే రాయడం. ఒకటి పెట్టాను. చదవమన్నాను."

"ఎవర్ని చదవమన్నావ్?"

"కార్డుని."

"కార్డు దేన్ని చదువుతుంది?"

"డిస్కుని."

"అని ఉందా అందులో?"

"లేదు. చదువుతుంది అని ఉంది, అంతే."

"మరి దేన్నని ఎలా తెలుస్తుంది? చెప్పు."

"మెమరీని."

"ఆ?"

"కార్డు చేసినవాడు మెమరీ పక్కన నిలబడి రాశాడు వదినా. నేను డిస్కు పక్కన నిలబడి చదివాను. వాడి లెక్కలో చదవడమంటే కార్డు మన మెమరీని చదివి, తీసుకెళ్ళి డిస్కు మీద పెట్టడం."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

"బండి వాళ్ళని దించమన్నాననుకున్నా. ఎక్కించమన్నాను."

"అయ్యో."

"కంగారుపడకు. ఏం కాలేదు. కాదు. అన్నయ్య సంగతి నాకు తెలుసు. పుస్తకం చదవడం పూర్తవగానే డిస్కు వెనక బిరడా పెట్టేవాడు. అది ఉన్నంతసేపూ డిస్కు తన మీద ఎవర్నీ రాయనివ్వదు. అందుకే ఇన్నాళ్ళూ వద్దంది. నేను చదువుతున్నాననుకుంటూ రాయబోయాను, అది వద్దు వద్దని మొత్తుకుంది. దాన్ని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నయ్య గొంతుని కాపాడింది వదినా అది."

"బిరడా అంటే… ఎలా ఉంటుంది?"

"అన్నయ్య పెట్టిన పేరులే. నల్లగా, గోరంత ప్లాస్టిక్ ముక్క. రెండు సూదుల మీద అడ్డంగా."

"అడ్డంగా."

"ఆ. ఏం, ఎందుకలా అయిపోయావ్? వదినా, కూర్చో. వదినా… ఇవాళ అది ఎందుకు వద్దనలేదు?"

"నువ్వే అన్నావ్."

"గుప్పిట విప్పు."

"నువ్వే అన్నావుగా, ఏదో అడ్డుపడుతోంది, కనపడట్లేదని. నాకు కనపడింది. తుడుస్తుంటే వెనకాల అడ్డంగా కనపడింది. ఇదే కాబోలు, పాపం వీడి కళ్ళకి ఆనలేదు అనుకున్నా. పీకేశాను. బెల్లు కొట్టగానే ఎంత పొంగిపోయానో. పని అంతా అయ్యాక చెబుదామని, నిన్ను ఏడిపిద్దామని…"

"ఇటివ్వు. వద్దు, నీ దగ్గరే ఉంచు. ఒక్క నిమిషం. ఆ గుర్తు సున్నాకి మార్చి ఇప్పుడు నిజంగా చదువుదాం. ఎక్కడో ఓ మూల ఏదైనా మిగిలి ఉండొచ్చు."

"ఉంటుందా?"

"నాకు తెలీదు. ఈసారి మెమరీలో నా మాటలేం లేవు, ఖాళీ. ఏది కనపడినా డిస్కులోదే. ఇదిగో."

"వస్తోందా?"

"వస్తోంది. ఎర్రది లేదు, ఆగట్లేదు. నా డ్రైవర్ పనిచేస్తోంది వదినా. చక్కగా పనిచేస్తోంది."

"ఏమొస్తోంది?"

"అన్నయ్యా మాట్లాడు."

"కిందకి వెళ్ళు."

"అదే."

"ఇంకా కిందకి."

"చివరిదాకా వెళ్ళాను. అదే ఉంది. ఇంకేం లేదు."

"నేను పీకాను."

"నేను రాశాను."

"నేను పీకకపోతే నువ్వు రాయగలిగేవాడివి కాదు."

"నేను సరిగ్గా చదివి ఉంటే నువ్వు పీకినా ఏం అయ్యేది కాదు. అన్నయ్య ఒక్కో మాట మూడుసార్లు చూసుకుని గానీ పైకి చదివేవాడు కాదు. వాడి తమ్ముణ్ణి నేను. ఒక్క మాట సరిగ్గా చదవడం రాలేదు నాకు."

"ఇప్పుడు ఆయనకెవరు చెబుతారు?"

"నేను చెప్తా."

"నువ్వొద్దు. నేనే… ఏమని చెప్పను? ఇంక ఆ బ్యాంకువాడే నన్ను పిలవాలి, మీ గొంతు నా చేతుల్తో నేనే…"

"వదినా."

"ఆ?"

"నెమ్మదిగా. నీ వెనకాల ఉన్నాడు."

"ఎవరు? ఏమండీ… మీరెప్పుడు లేచారు? ఎంతసేపట్నుంచి నిలబడ్డారు?"

"తెర చదువుతున్నాడు."

"ఆపెయ్. ఆ తెర ఆపెయ్ ముందు."

"ఆపొద్దని చెయ్యి అడ్డం పెడుతున్నాడు. అన్నయ్యా, నీ పుస్తకాలన్నీ పోయాయి. నీ గొంతు పోయింది. నేనే పోగొట్టాను. వదినదేం లేదు. నన్ను కొట్టు, ఏదైనా చెయ్యి, అలా చూడకు."

"పలక అడుగుతున్నారు. ఇదిగోనండీ. సుద్దముక్క కూడా ఉంది చూడండి, కింద."

"ఏం రాస్తున్నాడు?"

"ఉండు, రాయనీ."

"నాకు కళ్ళు కనపడట్లేదు వదినా. నువ్వు చదువు."

"బిరడా పెట్టెయ్యమంటున్నారు… ఇందులో తమ్ముడి మాట ఉందట, దీని మీద ఇంకెవరూ ఏమీ రాయకూడదట."