ఒగ్గేసి రావడం

జంషెడ్‌పూర్, సోనారిలో రెండు గదుల అద్దె ఇల్లు. 1983, సెప్టెంబరు మధ్యాహ్నం. ముందు గదిలో జానకి, ఊరి నుంచి వచ్చిన ఆమె మొగుడి అక్క తవిటమ్మ. మొగుడు గోవిందు అక్కని 'అప్పా' అంటాడు.

"ముక్కుకి కొంగెట్టుకుంటే ఆగదు వదినా. రెండేళ్ళ నించీ పెట్టుకుంటన్నాను, నాకు తెలుసు."

"బండి ఇంట్లో నేదు గదే! పొద్దున్నే పట్టుకుపోనాడు. ఇంకా ఈ కంపేటి?"

"బండి పోతే కంపు పోద్దా? గోడకి పట్టేసింది. పరుపుకి పట్టేసింది. ఆ బియ్యం డబ్బా మూత తీసి చూడు, అందులోనూ పెట్రోలే."

"రాత్రి నన్ను ఈ గదిలోనే పడుకోబెట్టినావు."

"ఇంకెక్కడ పడుకోబెట్టమంటావు? ముందు గది దానిది, వెనక గది మాది. చుట్టాలొస్తే దాని పక్కన పడుకోవాలి. బయట పెడితే దొంగలెత్తుకుపోతారంట. ఎవడెత్తుకుపోతాడు దాన్ని? మిలిట్రీ వాళ్ళు ఒద్దని వేలంలో పారేసిన మోటారు సైకిలు, ఫట్‌ఫటీ."

"రాత్రంతా నా చెవి కాడ టప్పు టప్పుమని కారతానే ఉంది. వాన కాబోలు, ఇల్లు కారతందనుకున్నాను. పొద్దున్న లేచి తల తడుముకుంటే జిడ్డు! నల్లగా! ఛీ, ఇప్పటికీ పోనేదు."

"ఇంజన్ ఆయిలది. కిరసనాయిలు రాస్తే పోద్ది. కానీ కిరసనాయిలు లేదు. రేషన్లో ఇచ్చిందంతా ఆయన దాని సామాన్లు కడగడానికే సరి. నేను మూడు రోజుల్నించీ పక్కింటి మార్తక్క దగ్గర అడిగి స్టవ్ వెలిగిస్తన్నాను."

"అమ్మ పోతే ఆడి నెత్తికి ఆముదం రాసి పెంచినాన్నే. ఆడు నా నెత్తికి ఇంజను నూనె రాసినాడు."

"నవ్వకు వదినా. నాకు నవ్వు రాట్లేదు."

"నవ్వనేదే. ఏడుపొత్తంటే ఇలగుంటాది నా మొకం. సరే, పోన్లే. ఇయాల్టితో పీడ ఇరగడవుతాది. రాత్రి నా సేతిలో సెయ్యేసి ఒట్టెట్టినాడు గదా. గమ్హరియాలో పోలరాజు ఉన్నాడంట, షెడ్డు నడుపుతాడంట, ఆడు కొనుక్కుంటాడంట. 'పొద్దున్నే తీసుకెళ్ళి ఒగ్గేసొత్తానప్పా' అన్నాడు."

"ఒగ్గేసొత్తానన్నాడా?"

"అన్నాడు."

"ఏ ఒగ్గేయడం?"

"ఒగ్గేయడంలో రకాలుంటాయేటే?"

"నువ్వే అడుగుతావా ఆ మాట? పోయినేడు నీ మరిది పెళ్ళిలో ఏం జరిగింది?"

"ఆ ముచ్చట ఎత్తకు. ఇప్పటికీ మా వోళ్ళు నవ్వుతారు."

"ఏం చేశావో చెప్పు."

"ఏం సేత్తాను? పెళ్ళికి ఒక్కడే దిగినాడు. పెళ్ళామేదిరా అంటే, 'జానకిని వాళ్ళమ్మ కాడ ఒగ్గేసొచ్చానప్పా' అన్నాడు. పళ్ళికిలించుకోని మరీ అన్నాడు. కట్టుకున్నదాన్ని పుట్టింట్లో ఒగ్గేసొచ్చి నవ్వుతాడా అని నాకు ఒళ్ళు మండిపోయింది. పందిట్లో అందరి ఎదటా సెంప పగలగొట్టినాను."

"ఆయన పాపం దింపేసొచ్చానని చెప్పాడు."

"నాకేటి తెల్సు? మనూళ్ళో ఒగ్గేసినాడంటే ఒదిలేసుకున్నట్టే. మళ్ళీ మొకం సూడనట్టు."

"ఇక్కడ హిందీలో 'ఛోడ్‌కే ఆయా' అంటారు వదినా, దింపి వచ్చానని. పిల్లల్ని బళ్ళో ఛోడ్‌కే ఆయా, సైకిలు షాపులో ఛోడ్‌కే ఆయా. అదే మా తెలుగులోకి తిప్పుకున్నాం. స్టేషన్లో ఒగ్గేసి రా, బళ్ళో ఒగ్గేసి రా. సాయంత్రం మళ్ళీ పోయి తెచ్చుకుంటాం."

"అంటే ఆడు బండిని గూడా మళ్ళీ తెచ్చుకుంటాడంటావా?"

"నాకు తెలీదు. అందుకే అడుగుతన్నాను, ఏ ఒగ్గేయడమని."

"మనూరిదేలే. నా మొకంలోకి సూసి అన్నాడు. నాకు అబద్దం సెప్పడు."

"వదినా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఆ బండి మళ్ళీ ఈ గుమ్మం లోపలికొచ్చిందంటే నేను ఈ ఇంట్లో ఉండను. నీతో సాయంత్రం రైలెక్కేస్తాను. బట్టలు సంచిలో సర్దేసుకున్నాను."

"ఓలమ్మో! ఆరో నెల కడుపుతోటి అలాటి మాటలేటే?"

"మా అమ్మ కూడా లేదు, పోవడానికి. నువ్వు తప్ప నాకింకెవరున్నారు? అందుకే నిన్ను రమ్మన్నాను."

"ఉండు, ఉండు. మగోడికి ఓ సరదా ఉంటాది. కొందరు తాగుతారు, కొందరు పేకాడతారు…"

"తాగినోడు పొద్దున్నకి దిగుతాడు. ఈయనకి దిగదు. సవతి అనుకుందామా అంటే, సవతైనా కాళ్ళు కడుక్కుని లోపలికొస్తది."

"అంతోటి మాటెందుకే."

"అంతోటి మాటే. మొదట్లో నాకు వేవిళ్ళనుకున్నాను. వేవిళ్ళు తగ్గిపోయాయి, వాంతులు తగ్గలేదు. లేడీ డాక్టరు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, 'యహాఁ గరాజ్ హై క్యా?' అంది, ఇదేమైనా మోటారు షెడ్డా అని. సిగ్గుతో చచ్చిపోయాను. ఈయనేమో ఆవిడకి బండి చూపిస్తన్నాడు! 'మేడమ్, దీనికి ఎంత పవరో తెలుసా, హిమాలయాలెక్కుతది' అని!"

"ఎక్కిందేటి?"

"డిమ్నా చెరువు దాకా ఎక్కింది. పెళ్ళయ్యాక నన్ను టూరుకి తీసుకెళ్ళిన చోటు అదొక్కటే. పొద్దున పులిహోర కట్టుకుని బయల్దేరాం. వచ్చేటప్పుడు అది కూలబడింది. దాన్ని లారీ ఎక్కించి, దాని పక్కన బొగ్గు మీద నన్ను కూర్చోబెట్టాడు. ముందు సీటులో చోటుంది వదినా! డ్రైవరు రమ్మన్నాడు. 'వద్దు భయ్యా, బండి దొర్లిపోకుండా ఈమె పట్టుకుంటది' అన్నాడు మీ తమ్ముడు."

"ఛీ! సిగ్గు నేదు, శరం నేదు."

"పాయసం గిన్నెలో గ్రీసు కాచి చైను ఉడకబెట్టాడు. అలా ఉడికిస్తే ఎక్కువ కాలం వస్తదంట. తోమితోమి నా గోళ్ళు అరిగిపోయాయి. ఆ గిన్నెలో పాలు పోస్తే పాల మీద రంగురంగుల తెట్టు. ఎత్తుకెళ్ళి పెంటలో పారేశాను. 'గిన్నె పారేశావా? చైనుకి పనికొచ్చేది కదే' అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు."

"అది మా అమ్మ కోడలికని ఉంచిన గిన్నేటే? ఇత్తడిది?"

"అదే."

"సెప్పు. ఇంకా సెప్పు."

"మొన్న విశ్వకర్మ పూజకి కార్ఖానాలో అందరూ మిషన్లకి బొట్లు పెట్టారు, సరే. ఈయన ఇంటికొచ్చి దీనికి దండేశాడు, కొబ్బరికాయ కొట్టాడు, లడ్డూ దాని హెడ్‌లైటుకి చూపించి తనే తిన్నాడు. నాకు మల్లెపూలు కాదు కదా, కనకాంబరం కూడా లేదు ఆ రోజు."

"నాకు ఒక్కటి సెప్పు. ఇయన్నీ సరే. నిన్నెప్పుడన్నా సెయ్యి సేసుకున్నాడేటి?"

"లేదు. చెయ్యి చేసుకుంటే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇది చెప్పుకుంటే నవ్వుతారు. నువ్వూ ఇందాక నవ్వావు."

"నవ్వనేదన్నాను గదే."

"అమ్మ చీర సంగతి చెప్పానా నీకు?"

"ఏ సీర?"

"మా అమ్మ పోయాక నా వాటాకి వచ్చింది ఒక్క చీర. నేత చీర, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిపోయింది. పుట్టేవాడికి ఉయ్యాల కడదామని దాచుకున్నాను. ఒక రోజు బట్టలారేసి లోపలికొస్తే, దాన్ని సగానికి చింపి, దాంతో ఇంజన్ తుడుస్తన్నాడు. 'పాత గుడ్డనుకున్నానే' అన్నాడు. అంతే. పాత గుడ్డనుకున్నాను, అంతే!"

"ఓలమ్మో, మీయమ్మ సీరే! మిగిల్న సగం ఏదే?"

"మిగిలిన సగం ట్రంకులో అడుగున పెట్టుకున్నాను. ఉయ్యాలకి చాలదు. పొత్తిళ్ళకైనా వస్తదని."

"ఊరుకోయే. ఊరుకో. ఇయాల్టితో అయిపోయింది. అదిగో, గేటు సప్పుడు. ఇను. ఫట్‌ఫట్‌మని నేదు. కాళ్ళ సప్పుడే. నడిసొత్తన్నాడు! సూసినావా? నాను సెప్పనేదా?"

"అప్పా! జానకీ! ఒగ్గేసొచ్చాను!"

"నా బాబే! రా నాయినా, రా. ఎండలో గమ్హరియా నించి నడిసొచ్చినావేటిరా? జానకీ, మంచినీళ్ళు తేవే ఆడికి. మొకం అలా ఎట్టుకోకు, నవ్వు."

"టెంపోలో వచ్చానప్పా. స్టాండు కాణ్ణించి నడిచాను. ఆహా, గది ఎంత ఖాళీగా ఉందో కదా. చూస్తే ఏదోలాగుంది."

"ఖాళీగానే ఉండనీరా గోవిందూ. బాగుంది. ఇక్కడ ఉయ్యాల కట్టుకోండి."

"పోలరాజు ఏమన్నాడు?"

"పోలరాజా? బావున్నాడు జానకీ. నిన్నడిగాడు."

"నన్ను కాదు. బండిని చూసి ఏమన్నాడు?"

"బెస్ట్ బండన్నాడు. ఇలాటి ఇంజన్ ఇప్పుడు రాదన్నాడు."

"తీసుకున్నాడా?"

"తీసుకోడమంటే… షెడ్డులో పెట్టుకున్నాడు. నేనే తాళం కూడా చేతిలో పెట్టాను."

"కొనుక్కున్నాడా అని అడుగుతన్నాను."

"ఇప్పుడే ఇంటికొచ్చాను, నీళ్ళైనా తాగనీ. అప్పా, చూడు దీని వరస."

"అడిగిందానికి సెప్పరా."

"చెప్తన్నాను కదప్పా. బండి షెడ్డులో ఉంది. శనివారం దాకా అక్కడే ఉంటది. మీకే గొడవా లేదు."

"శనివారం ఏటవుద్ది?"

"శనివారానికి వెల్డింగ్ అయిపోద్ది."

"ఏ వెల్డింగు?"

"అరే, అప్పుడే చెప్పకూడదనుకున్నాను! శనివారం తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టి అప్పుడు పిలుద్దామనుకున్నాను. సరే, విను. సైడ్‌కార్!"

"అదేటిరా?"

"బండి పక్కన తొట్టి లాంటిదప్పా. కింద చక్రం ఉంటది. అందులో కూర్చోవచ్చు. జానకి ఎన్నాళ్ళ నించో అంటంది కదా, మనం ముగ్గురమవుతాం, ముగ్గురమవుతాం అని. రాత్రంతా ఆలోచించాను. నిజమే కదా! ఇద్దరు కూర్చునే బండి ఏం పనికొస్తది? అందుకే. ఇదంతా నా పెళ్ళాం కోసమే. జానకీ, నువ్వూ పిల్లాడూ తొట్టిలో, నేను బండి మీద. ముందు పూరీ, అక్కణ్ణించి సముద్రం పక్కనే అప్ప వాళ్ళ ఊరు. పిల్లాడు కొంచెం పెద్దోడైతే కాఠ్మాండూ…"

"నువ్వు నా సేతిలో సెయ్యేసి ఏటన్నావు?"

"ఒగ్గేసొత్తానన్నాను. ఒగ్గేసొచ్చాను! అబద్ధమాడానా?"

"వదినా, విన్నావా? మా ఊరి ఒగ్గేయడం."

"ఇన్నాను. ఒరే, ఈ గదిలో ఆ బండే పట్టక కాళ్ళు ముడుసుకోని పడుకున్నాను రాత్రి. తొట్టి ఎక్కడెడతావు?"

"కొలిచానప్పా. వెనక గదిలో మంచం తీసేస్తే సరిగ్గా పడతది."

"మంచం తీసేత్తే బాలింత ఎక్కడ పడుకుంటాది?"

"కొన్నాళ్ళు కింద చాప మీద… అయినా పిల్లాడికి మంచమెందుకు? తొట్టిలోనే పడుకోబెట్టొచ్చు! లోపల పరుపేయిస్తన్నాను. రేకు ఒరుసుకుంటదని పైన మెత్తటి గుడ్డ కూడా కుట్టించమని ఇచ్చాను. చూశావా, నేనేమీ ఆలోచించననుకుంటారు."

"ఏ గుడ్డ?"

"ఏదో ఒక గుడ్డలే జానకీ."

"ఏ గుడ్డ?"

"ట్రంకు అడుగున సగం చీర ఊరికే పడి ఉంది కదా. పాతది. దర్జీకి ఇస్తే ముక్కలు కోసి చక్కగా… అలా చూస్తావేటి? నీ పిల్లాడి కిందకే కదా! అప్పా, నేను చేసినదాంట్లో తప్పేటి? అప్పా! ఎక్కడికి లేస్తన్నావు? నీ రైలుకి ఇంకా టైముంది."

"జానకీ, నీ సంచి తే."

"దాని సంచెందుకు? ఓహో, స్టేషన్ దాకా వత్తదా? వద్దు, ఈ కడుపుతో అదెందుకు రిక్షాలో కుదుపులు తినడం? నేనొత్తానుండు. నిన్ను రైలు కాడ ఒగ్గేసొత్తాను."

"నువ్వేటీ ఒగ్గక్కర్నేదురా."

"మరి ఎవరు ఒగ్గుతారు?"

"మేమే ఒగ్గేత్తన్నాం."

"ఎవర్ని? ఎక్కడ?"

"సెంప మీద సెయ్యెందుకెట్టుకుంటావు? ఈసారి కొట్టనురా. నిన్నే. ఇక్కడే. ఇది మీ జంషెడ్‌పూర్ మాట కాదు గోవిందూ, మనూరి మాట."