ఏనుగుపాదం నిద్ర

టెక్సస్‌లోని కాపెల్‌లో ఆగస్టు ఎండ మండిపోతోంది. మిత్రుడి నెలమాసికానికి వచ్చినవాడు భోజనం కాగానే పెరట్లోకి వెళ్ళి ఒక కుండీ ముందు కూర్చున్నాడు. మిత్రుడి భార్య వెనకే వచ్చింది.

"ఇదేనామ్మా వాడి ఏనుగుపాదం మొక్క? ఆఫీసులో ఫొటోలు చూపించి మమ్మల్ని చంపేవాడు."

"అదే అన్నయ్యా. సౌతాఫ్రికా గింజ తెప్పించి పదకొండేళ్ళు పెంచితే, బత్తాయంత దుంప అయింది. నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. ఆయన పోయాక తీగంతా ఎండిపోయింది. భయమేసి, రోజూ తులసికి పోసినట్టే దీనికీ చెంబుడు నీళ్ళు పోస్తున్నాను."

వేసవిలో అది నిద్రపోతుందనీ, అప్పుడు నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుందనీ మిత్రుడు ఎన్నిసార్లో చెప్పాడు. అతను దుంపను బొటనవేలితో నొక్కాడు. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"బతికే ఉంది కదా అన్నయ్యా?"

"నిద్రపోతోందమ్మా. చలి పడగానే చిగురేస్తుంది. అందాకా నీళ్ళు మాత్రం పొయ్యకు."

"నా వైపు చూసి చెప్పండి."

అతను కుండీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఆ రోజు ఐసీయూ బయట కూడా మీరిలాగే నేలకేసి చూస్తూ, 'నిద్రపోతున్నాడమ్మా' అన్నారు."