మర్యాదకన్న మాట

గ్రామసభ అయిపోయింది. పంచాయతీ ఆఫీసులో కార్యదర్శి జయశ్రీ, ఆమె ఎదుట పైవాడ కిష్టమ్మ.

“గట్ల కాదు మేడం. సభల అందరి అర్జీలు రాసుకున్నరు, మా గల్లీ నల్లా ఒక్కటే ఇడిసిపెట్టిన్రు.”

“ఇడిసిపెట్టలే పెద్దమ్మా. రాసినా కంప్యూటర్ తీసుకోదు. మన ఊర్ల ఇంటింటికి నల్లా ఉందని ఎక్కింది.”

“ఎవరెక్కిచ్చిన్రు?”

“పోయినేడు ఆదర్శ గ్రామం అవార్డుకని టీం వచ్చింది గద...”

“వచ్చింది. అయితే?”

“మీ ఇంటికి గూడ వచ్చిన్రు.”

“వచ్చిన్రు, ఇద్దరు. పాపం, ఎండల వడి వచ్చిన్రు.”

“నీళ్లొస్తున్నయా అని నిన్నడిగిన్రు.”

“...అడిగిన్రు.”

“ఏం జెప్పినవ్?”

“ఏం జెప్తరు మేడం? ఇంటికొచ్చినోళ్లకు ఇంట్ల నీళ్లు లెవ్వని చెప్తరా? మంచిగొస్తున్నయి, తాగుండ్రి అన్న.”

“నీళ్లకేం తక్కువ లేదని గూడ అన్నవ్. వాళ్లు తీసిన వీడియో నా ఫోన్ల ఉంది.”

“గది మర్యాదకన్న మాట. మర్యాదను గూడ రాసుకుంటరా?”

“రాసుకున్నరు.”

“ఆ నీళ్లు మాసయ్య చేన్ల బోరుకాడ పట్టుకొచ్చినయి. ఏడికెల్లి తెచ్చినవని వాళ్లు అడగలే.”

“నువ్వు చెప్పలే.”

“నా కోడలు సుప్రియకు ఏడో నెల. నా మోకాళ్లు లేస్తలేవని అదే బిందె ఎత్తుకుంటుంది. నిన్న చేను గట్టుమీద జారింది. ఏం కాలే. గని నాకు భయమైతుంది మేడం, నిజంగ భయమైతుంది.”

“...ఈ సంగతి నాకు తెల్వదు పెద్దమ్మా.”

“పంచాయతీ పైసలతోని మా గల్లీకి పైపెయ్యరాదా?”

“నల్లా ఉన్న గల్లీకి మల్ల పైపేసిన్రని ఆడిట్ల పట్టుకుంటరు. నా నౌకరి పోతది.”

“లేని నల్లా ఉందని రాస్తే పోలే గద?”

“...సర్పంచ్ సారుతోని మాట్లాడిన. ఒక తొవ్వ ఉంది.”

“చెప్పు.”

“ఆ అవార్డు పోటీల మన ఊరు జిల్లాల ఫస్టొచ్చింది. రేపు హైదరాబాద్ టీం వస్తుంది. అవార్డొస్తే, ఆ పైసలు మనకు నచ్చిన పనికి పెట్టుకోవచ్చు, ఎవ్వరడగరు. మొదలు మీ గల్లీకే పైపేస్తమని సారు మాటిచ్చిండు.”

“మంచిదే. నేనేం జెయ్యాలె?”

“వాళ్లను మల్ల మీ ఇంటికే తీస్కొస్తం. పోయినసారి చెప్పినట్టే చెప్పు.”

“అంటే... నల్లా కావాల్నంటే, నల్లా ఉందని చెప్పాలె.”

“అవును.”

“నల్లా తిప్పి చూపియ్యమంటే?”

“గంత దూరం పోరు. నీళ్లు తాగి, ఫొటో దిగి పోతరు.”

“నవ్వుతున్నవా మేడం?”

“లేదు పెద్దమ్మా. నాకేం నవ్వొస్తలేదు.”

“సరే, చెప్త. గని ఎందరొస్తరో ముందుగాల చెప్పు బిడ్డా. సుప్రియ ఎన్ని బిందెలు మొయ్యాల్నో సూసుకోవాలె.”