గ్లాసు అడుగున తెల్లపొడి

గొంతులో టాన్సిల్స్ తీయించుకుని ఇంటికొచ్చిన మనవరాలు మంచం మీద. పక్కన కుర్చీలో అమ్మమ్మ.

“ఐస్‌క్రీమ్ వద్దనే పిల్లని నా జన్మలో చూడలేదు. ఒక్క చెంచా, తల్లీ.”

“వద్దు.”

“డాక్టరుగారే తినమన్నారే! ఇంత మంచి ఆపరేషన్ మళ్ళీ దొరకదు నీకు.”

“నవ్వించకు అమ్మమ్మా. గొంతు...”

“గొంతు? నొప్పా?”

“లేదు.”

“లేదా? మరి ఉమ్ము మింగేటప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటావెందుకు?”

“నిద్రొస్తోంది.”

“నిద్రట, నిద్ర! పెదాలు చూడు, ఎలా ఎండిపోయాయో. నిన్నటి నుంచి గుక్కెడు నీళ్ళు సరిగ్గా దిగలేదు. ఇలాగే ఉంటే మళ్ళీ తీసుకురమ్మంది నర్సమ్మ. చేతికి సూది గుచ్చి సెలైన్ పెడతారు. మళ్ళీ ఆ ఆస్పత్రి మెట్లెక్కడం నావల్ల కాదే. మీ అమ్మని తీసుకెళ్ళి ఒక్కదాన్నే దిగొచ్చాను.”

“నేను తిరిగొస్తాలే.”

“చాల్లే, ఏం మాటలవి! ఇంతకీ మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నా.”

“నీళ్ళలో కలిపి?”

“ఊఁ. నువ్వు వంటింట్లోకి వెళ్ళావు కదా, అప్పుడు.”

“మరి గ్లాసు అడుగున తెల్లపొడి ఏదీ? ఆ మాత్ర ఎంత కలిపినా అడుగున కాస్త మిగులుతుంది. నీ గ్లాసు కడిగినట్టుంది.”

“కడిగా.”

“మంచం దిగకుండానే? ఏదీ, చంకలో పెట్టుకున్న ఆ బొమ్మనిలా ఇవ్వు.”

“దానికి జ్వరం. ముట్టుకోకు.”

“ఇవ్వమన్నానా... అబ్బా!”

“ఏమైంది?”

“ఏం లేదు. వంగితే పక్కలో పట్టేసింది. ఈ బొమ్మ గౌను లోపల ఏంటిది? అయ్యో, మాత్రలు! ఇదొకటి... ఇంకోటి... అన్నీ ఇక్కడే ఉన్నాయే! ఒక్కటీ వేసుకోలేదా నువ్వు? నొప్పి వచ్చాక కాదమ్మా, రాకముందే వేళకి ఇవ్వాలని నర్సమ్మ చెప్పిందని నిద్రలేపి మరీ ఇచ్చానే! చేదుగా ఉన్నాయా?”

“లేదు. తియ్యగానే ఉంటాయి.”

“మరి?”

“దాచా.”

“ఎవరికి దాచావు? ఈ బొమ్మకా?”

“తిట్టనంటే చెప్తా.”

“తిట్టను. చెప్పు.”

“నీకు.”

“నాకా! నాకెందుకే?”

“ఆస్పత్రిలో అమ్మ ఇంకొకటి ఇవ్వండి, ఇంకొకటి ఇవ్వండి అని అరిస్తే, ఇంక లేదంది నర్సు. నేను తలుపు బయటే ఉన్నా. నీకలా అవకూడదు.”

“పిచ్చితల్లీ... మందు లేక కాదే. ఆ పూటకి అంతకుమించి ఇవ్వకూడదని.”

“లేదనే అంది. నేను విన్నా.”

“సరే, అందిలే. ఇవి మందుల షాపు నిండా ఉంటాయి. అయిపోవు. పైగా ఇవి పిల్లల మాత్రలు, నాలాంటి ముసలిదానికి ఏ మూలకి? ఇదిగో, నీ ముందే కలుపుతున్నా. నోరు తెరువు. నిదానంగా... ఇంకొంచెం... అదీ, నా బంగారం.”

“మంట.”

“తెలుసు నాన్నా, తెలుసు. కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే నాకు చెప్పాలి. మాట రాకపోతే చెయ్యి గిల్లు. ఈ ఇంట్లో నొప్పి దాచుకోవడం ఇవాళ్టితో సరి. ఒట్టు వెయ్యి.”

“ఒట్టు. నువ్వూ వెయ్యి.”

“నాకేం నొప్పే? గుండ్రాయిలా ఉంటేనూ!”

“మరి పొద్దున్నే బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడుస్తావుగా. రోజూ.”

“ఏడవడమేంటి? స్నానం చేస్తుంటాను.”

“అమ్మ కూడా స్నానమనే చెప్పేది.”